గుడ్డ కింది బేరం

జోగ్జా,
12 ఫిబ్రవరి 1992

మామయ్యకి మార్ని సలాములు.

మీరు పంపిన రెండాంగ్ మాంసం డబ్బా నిన్న చేరింది. మూత తీశానో లేదో, హాస్టల్లో ఉన్న ఆరుగురూ ప్లేట్లు పట్టుకుని నా గది ముందు వరస కట్టారు. ఈ దీవివాళ్ళకి కూరలో బెల్లం పడకపోతే ముద్ద దిగదు. ఏడు నెలలుగా పనసకాయ కూర పేరుతో పాయసం తింటున్నాను. మన మాంసం ముక్క నోట్లో పడగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. కారానికే అని అందరికీ చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను, కారానికి కాదు.

ఈ టర్ములో కొత్త పేపరు వచ్చింది. వ్యాపార చట్టం, వ్యాపార నీతి. చెప్పేది వుర్యాని మేడమ్. మనిషి ఇంతే, గొంతు మాత్రం అంత. మొదటి రోజే, "మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్మే ఉంటారు. ఆ ఒప్పందం గురించి రాసి తీసుకురండి, చట్టం ముందు నిలబడుతుందో లేదో చూద్దాం" అన్నారు. పక్క పిల్ల వాళ్ళ బాబాయి మోటారు సైకిలు కాగితాలు తెస్తానంది. నాకు మీ చెయ్యి గుర్తొచ్చింది.

లేచి చెప్పాను. మా మామయ్య పశువుల సంతలో బేరగాడు, భుజం మీది లుంగీ తీసి రెండు చేతుల మీదా కప్పుతాడు, గుడ్డ కింద వేళ్ళు పట్టుకునే ధర చెప్పుకుంటారు, నోటి మాట ఉండదు, కాగితం ఉండదు, పక్కనున్నవాడికి కూడా తెలియదు అని. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "ఇదే రాయమ్మాయ్" అన్నారు.

అందుకని మన ఎర్రావు బేరం గురించి రాద్దామనుకుంటున్నాను. పోయిన జూన్‌లో హాజీ మునాఫ్ గారికి అమ్మారు కదా, నన్నిక్కడికి పంపడానికి. ఆ రోజు గుడ్డ కింద ఏం జరిగిందో పూస గుచ్చినట్టు రాయండి. మీ పేరు మా కాలేజీలో మోగించేస్తాను.

మీ మేనకోడలు,
గుస్మార్ని

*

పాయకుంబు,
22 ఫిబ్రవరి 1992

మా లాయరమ్మకి బఖ్తియార్ మామయ్య దువా.

ఓసి నీ చదువు బంగారం కానూ! గుడ్డ కింద ఏం జరిగిందో రాయాలా? రాసే మాటైతే గుడ్డ ఎందుకే కప్పడం?

మీ మేడమ్‌కి ఇంతవరకు చెప్పు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో సంతలో అందరికీ తెలుసు. పట్టుకుంటే ఎక్కువ, విదిలిస్తే తక్కువ. నచ్చకపోతే చెయ్యి వదిలేస్తారు, ఎవరికీ చిన్నతనం ఉండదు. వాడెంతకి అమ్ముకున్నాడో పక్కవాడికి తెలియదు. అవసరంలో ఉండి తగ్గించుకున్నవాడూ, జోరు మీద ఉండి పెంచినవాడూ ఒకేలా చెయ్యి దులుపుకుని కాఫీకి పోతారు. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, ముప్పై ఏళ్ళయింది, ఒక్కడు కూడా మాట తప్పానని నన్ననలేదు. ధర మాత్రం అడక్కు. అది ఆ గుడ్డలోనే ఉంటుంది.

మీ అమ్మ జురైదా బాగానే ఉంది. నువ్వు చిక్కిపోయావని ఎవరో చెప్పారట, రెండో డబ్బాకి కొబ్బరి తురుముతోంది. ఎర్రావు కూడా బాగుంది. మొన్న వానలకి కుడి మోకాలు వాచి రెండు రోజులు లేవలేదట. పాపం హాజీ గారు తనే పసుపు పట్టించి, చేత్తో గడ్డి పెట్టి లేపారు. ఒక్క మాట అనలేదు. పెద్ద మనిషి.

డబ్బా ఖాళీ అయ్యాక పారెయ్యకు. మీ అమ్మ లెక్కపెడుతోంది.

మామయ్య

*

జోగ్జా,
7 మార్చి 1992

మామయ్యకి సలాములు.

రోజాలు మొదలయ్యాయి. ఇఫ్తార్‌కి మాకు పెట్టేది కూడా తియ్యటి గంజే. దాని సంగతి ఇంకోసారి రాస్తాను, ఇవాళ మనసు బాగాలేదు.

నిన్నటి పాఠం దాచిన లోపాల గురించి. అమ్మే వస్తువులో లోపం ఉందని అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి చెప్పకపోతే దాన్ని మోసం అంటారట. వింటుంటే నా చెవుల్లో మీ ఉత్తరమే మోగింది. కుడి మోకాలు. ఆ మోకాలికి నేను హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి పసుపు గుడ్డ కట్టాను మామయ్యా. మీకు తెలుసు, నాకు తెలుసు, అమ్మకి తెలుసు.

ధర కూడా నాకు తెలుసు. నేను బయల్దేరే రోజున అమ్మ నోరు జారింది, "అది అంత పలుకుతుందని కలలో కూడా అనుకోలేదే" అంది. ఎంతో కూడా చెప్పింది. మోకాలు బాగున్న ఆవుకైనా అంత రాదు కదా?

నన్ను తప్పుగా అనుకోకండి. తండ్రి లేని నన్ను ఇంతదాన్ని చేసింది మీరు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. హాజీ గారికి మోకాలి సంగతి చెప్పారా? చెప్పాను అని ఒక్క ముక్క రాస్తే చాలు.

మార్ని

*

జోగ్జా,
27 మార్చి 1992

మామయ్యకి సలాములు.

ఇరవై రోజులైంది. ఎప్పుడూ ఉత్తరం అందిన రోజే జవాబు రాసే మీరు ఇప్పుడు రాయలేదంటే ఏమనుకోను? పరీక్ష ఫీజు కట్టించుకునే గుమస్తా నా పేరు పిలిస్తే కూడా దొంగని పిలిచినట్టు ఉలిక్కిపడుతున్నాను.

ఇవాళ హాజీ మునాఫ్ గారికి ఉత్తరం రాశాను. మోకాలు ముందు నుంచే అలా ఉందని, మా మామయ్య చెప్పకుండా ఉండవచ్చునని, ధర ఇంత అని రాశాను. చదువు కాగానే ఎక్కువైనదంతా నేనే తిరిగి ఇచ్చుకుంటానని రాశాను. మిమ్మల్ని క్షమించమని కూడా అడిగాను.

మీ మీద గౌరవం తగ్గి కాదు. మీరు నేర్పిన మర్యాదే ఇలా చేయించింది. కోపం వస్తే తిట్టండి, పడతాను. రాయకుండా మాత్రం ఉండకండి.

మార్ని

*

పాయకుంబు,
28 మార్చి 1992

మా మార్నికి మామయ్య దువా.

పండగ మాంసానికి పశువుల కోసం సోలోక్ వెళ్ళి మూడు వారాలు అక్కడే చిక్కుపడ్డాను. నిన్న ఇల్లు చేరేసరికి నీ ఏడో తేదీ ఉత్తరం కిటికీలో కూర్చుని ఉంది. చదివి ఒళ్ళు మండిపోయింది. రోజాలో ఉండి కోపం పనికిరాదని గట్టు వెంట రెండు చుట్లు తిరిగొచ్చి మళ్ళీ చదివాను. రెండోసారి మండలేదు. ఇలా అడిగే పిల్ల కావాలనే కదా నిన్ను పంపింది!

విను. మోకాలి సంగతి గుడ్డ కప్పక ముందే, ఆవు పక్కన నిలబడి ఆయనకి నోటితోనే చెప్పాను. ఆయన నవ్వాడు. "నువ్వు పుట్టక ముందు నుంచి ఆవుల మోకాళ్ళు చూస్తున్నానురా బఖ్తియార్" అన్నాడు. అప్పుడు గుడ్డ కప్పాను. మోకాలు పోను ఎంత రావాలో అంతే అడిగాను. ఆయన నా పట్టు విడిపించుకుని తనే నా వేళ్ళు పట్టుకున్నాడు. నేనడిగిన దానికన్నా రెండు వేళ్ళు ఎక్కువ. పెద్దాయన పొరబడ్డాడనుకుని విదిలించాను. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ విదిలించాను. మూడోసారి ఎముకలు నొప్పెట్టేలా పట్టి ఇక వదల్లేదు. పైకి మాత్రం ఆకాశం చూస్తూ, "ఇవాళ వాన కొట్టేట్టుందే" అంటున్నాడు.

ఎందుకని అడగలేదు. గుడ్డ కింద అడిగేందుకు వేలు లేదు. నాకు తెలిసిందల్లా ఇదే. ముందు వారం రుస్లీ కాఫీ కొట్లో నేను డప్పు కొట్టుకున్నాను, మా మేనకోడలికి జోగ్జాలో సీటొచ్చింది, ఉన్న ఒక్క ఆవూ అమ్మేస్తున్నాం అని. అందరూ భేష్ అన్నారు. ఆయన ఒక్కడే గ్లాసులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన కూతురు అస్నిమార్ నీ వయసు నాటికి ముగ్గురు పిల్లల తల్లి. బడిలో అందరికన్నా ముందుండేది. ఐదో క్లాసుతో ఆయనే మాన్పించాడు.

సంతలో ఒక మనిషి ఇంకో మనిషికి ఎవరి కంటా పడకుండా ఏదైనా ఇవ్వగలిగిన చోటు అదొక్కటే మార్నీ. బయట పడితే దానమంటారు. మీ అమ్మ దానం పుచ్చుకోదు, ఆయన దాతననిపించుకోడు. అందుకే మీ అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు అడిగావు గనక, అడిగిన తీరు నచ్చింది గనక చెప్పాను. చదివి చింపెయ్.

మామయ్య

*

జోగ్జా,
5 ఏప్రిల్ 1992

మామయ్యా,

మీ ఉత్తరం నిన్న చేరింది. నా ఉత్తరం ఈపాటికి హాజీ గారి ఇంటికి చేరే ఉంటుంది. టెలిగ్రాం ఇద్దామని పరిగెత్తాను, పండగ సెలవని ఆఫీసుకి తాళం వేసి ఉంది. కాలేజీ మసీదులో అందరూ పండగ కౌగిలింతలు పంచుకుంటుంటే నేను స్తంభం వెనక కూర్చుని ఏడ్చాను.

ఎలాగైనా ఆ ఉత్తరం ఆపండి. ఆయన చదవక ముందే తెచ్చేసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను చదివించిన ఇద్దరినీ నేను ఒకే కాగితం మీద దొంగనీ అమాయకుణ్ణీ చేసేశాను.

మార్ని

*

పాయకుంబు,
29 ఏప్రిల్ 1992

మా మార్నికి మామయ్య దువా.

ఆపడానికి వీలు కాలేదు. పండగ తరవాతి మంగళవారం సంతకి హాజీ గారు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చారు. ఆయన కళ్ళజోడు విరిగింది. "కాలేజీ పిల్ల నాకు రాసిందిరోయ్" అని మురిసిపోతూ రుస్లీకి ఇచ్చి చదవమన్నారు. రుస్లీ గొంతు నీకు తెలుసుగా, అజాన్ ఇచ్చినట్టుంటుంది. హాజీ గారు "ఆపరా" అనేలోపు మోకాలు, ధర, నా పేరు, అన్నీ కొట్టు దాటి పశువుల దాకా వినబడ్డాయి.

ఆయన్ని చూసి జనం నవ్వారు. ఆవు మోకాలు కనిపెట్టలేని ముసలాడని. ఈ చుట్టుపక్కల పశువుని ఆయనలా చూడగలిగినవాడు లేడు, అయినా నోరెత్తలేదు. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా కష్టం. మూడు మంగళవారాలు వెళ్ళాను. లుంగీ భుజాన వేసుకుని పొద్దుటి నుంచి నిలబడ్డాను. ఒక్కడు కూడా నా గుడ్డ కింద చెయ్యి పెట్టలేదు.

ఒక్క మాట చెబితే నేను బయటపడతాను. చెబితే ఆయన ఇచ్చింది బజారున పడుతుంది. చెప్పను. నువ్వూ చెప్పకు.

మీ అమ్మ సంగతి విను, కాస్త నవ్వుకో. హాజీ ఇంటికి నువ్వు ఉత్తరం రాశావనగానే వాళ్ళ రెండో కొడుకు మీద నీ మనసు పడిందనుకుంది. పెళ్ళి మాట ఆడపిల్లవాళ్ళం మనమే కదపాలి కదా, ఏ చీర కట్టుకుని వెళ్ళాలా అని పెట్టె కూడా తీసింది. అసలు సంగతి తెలిశాక నా ఎదురుగా కూర్చుని, "అన్నయ్యా, నువ్వు నిజంగా మోకాలు దాచావా?" అంది. నేను పైకప్పు చూశాను. తను నా మొహం చూసి, లేచి అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున్నే వెదురు బొంగులో జిగురన్నం వండి హాజీ గారింటికి పట్టుకెళ్ళి ఇచ్చొచ్చింది. ఎందుకని వాళ్ళు అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

నీ మీద కోపం లేదని అబద్ధమాడను. ఉంది. కానీ అన్యాయం అనుకున్నదాన్ని నీ కడుపులో దాచుకోలేకపోయావు చూడు, అందుకు అల్లాకి రోజూ షుక్రియా చెప్పుకుంటున్నాను. రెండూ ఒక గుండెలోనే ఉన్నాయి, ఏం చెయ్యను?

మామయ్య

*

జోగ్జా,
9 మే 1992

మామయ్యకి సలాములు.

మీ ఉత్తరం రోజూ చదువుతున్నాను. చింపమన్నది కూడా చింపలేదు, క్షమించండి, బట్టల అడుగున దాచాను.

నేను చదువు మానేసి వచ్చేస్తున్నాను. మంగళవారం సంతలో, రుస్లీ కొట్టు బల్ల మీద నిలబడి జరిగింది జరిగినట్టు అందరికీ చెబుతాను. తప్పు నాది. ముప్పై ఏళ్ళ మీ చెయ్యిని నేను అరకాగితంతో పడగొట్టాను. మీ చెయ్యి లేకపోతే నాకీ చదువెందుకు?

మీరు ఊఁ అంటే మరుసటి ఓడకే బయల్దేరతాను. ఈలోగా ఒక లుంగీ పంపుతున్నాను. ట్యూషన్లు చెప్పుకుని కొన్నాను, ఇక్కడి ఆడవాళ్ళు మైనంతో చేత్తో గీసింది. నా మొదటి సంపాదన.

మీ చేతులకి ముద్దులతో,
మార్ని

*

పాయకుంబు,
20 మే 1992

మా మార్నికి మామయ్య దువా.

రావద్దు. నువ్వు బల్లెక్కి నిజం చెబితే నా చెయ్యి నిలబడుతుంది, ఆయన తల వంగిపోతుంది. అటువంటి నిలబడ్డం నాకెందుకు? పుస్తకం తియ్యి, కూర్చుని చదువు.

లుంగీ చేరింది. రంగు బాగుంది గానీ మరీ పల్చన. గుడ్డ కింద వేళ్ళు బయటికి కనబడిపోతాయి, బేరానికి పనికిరాదు. ఎలాగూ బేరాలు లేవు కదా అని నిన్న మంగళవారం అదే భుజాన వేసుకుని వెళ్ళాను.

పొద్దు బాగా ఎక్కాక హాజీ మునాఫ్ గారు వచ్చారు. ఉత్తరం చదివిన రోజు తరవాత ఆయన సంతలో కాలు పెట్టలేదు. కొత్త కళ్ళజోడు. చేతిలో తాడు, తాడు చివర ఆయన నల్ల ఎద్దు. ఆ ఎద్దు కోసం రెండేళ్ళుగా పదిమంది బేరగాళ్ళు ఆయన గుమ్మం అరగదీశారు. వాళ్ళలో ముగ్గురు ఎదురొచ్చారు కూడా. ఆయన ఎవరినీ చూడలేదు. తిన్నగా నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

రుస్లీ కొట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నువ్వు పంపిన గుడ్డే కప్పాను. వేళ్ళు కనబడతాయేమోనని భయమేసింది. కనబడినా చూడ్డానికేమీ లేదు. ఆయన వేళ్ళు ఏ ధరా చెప్పలేదు. నా చెయ్యి మొత్తం తన చేతిలోకి తీసుకుని, ఊరికే పట్టుకున్నాడు. ఎంతసేపో. పైకి మాత్రం ఆకాశం చూస్తూ, "ఇవాళ కూడా వాన కొట్టేట్టుందిరా" అన్నాడు. ఎండ పేలిపోతోంది.

తరవాత గుడ్డ తీసేసి, "కుదిరింది!" అని రుస్లీని మించి అరిచి, తాడు నా చేతికిచ్చి వెళ్ళి కాఫీ చెప్పుకున్నాడు. అసలు ధర సాయంత్రం వాళ్ళింట్లో తలుపేసుకుని మాట్లాడుకున్నాం. మీ ఎర్రావుని కూడా చూశాను. కుంటుతోంది, నున్నగా ఉంది.

మధ్యాహ్నానికి నా గుడ్డ కిందికి నాలుగు చేతులొచ్చాయి. వాటిలో రుస్లీదొకటి. వాడికి అమ్మడానికి పశువే లేదు.

మామయ్య

*

జోగ్జా,
28 జూన్ 1992

మామయ్యకి సలాములు.

పోయిన వారంతో పరీక్షలయ్యాయి, నిన్న మార్కులు చెప్పారు. వ్యాపార నీతి పేపరులో చివరి ప్రశ్న ఇది. "ఒక విషయం చెప్పకపోవడం ఎప్పుడు మోసం, ఎప్పుడు కాదు? మీ అనుభవంలోంచి ఒక ఉదాహరణతో రాయండి." చదవగానే నాకు నవ్వు, ఏడుపు కలిసొచ్చాయి. ఆ గదిలో నా దగ్గరున్నంత మంచి ఉదాహరణ ఎవరి దగ్గరా ఉండదు.

చట్టం చెప్పేది రాశాను. అవతలివాడికి నష్టం చెయ్యడానికి దాస్తే అది మోసమని, అవతలివాడి పరువు కాపాడడానికి ఊరుకుంటే కాదని నా మాటల్లో రాశాను. ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి కలం ఆపాను. అరపేజీ ఖాళీ వదిలి కాగితం ఇచ్చేశాను.

పేపర్లు దిద్దేటప్పుడు మేడమ్ పిలిపించారు. "పశువుల సంత గురించి టర్మంతా నా బుర్ర తిన్నావు, తీరా అసలు చోట ఖాళీ వదిలావేం? మార్కులు పోతాయి తెలుసా?" అన్నారు.

"తెలుసు మేడమ్. అది నాది కాదు, రాయకూడదు" అన్నాను.

ఆవిడ "సరే వెళ్ళు" అన్నారు. మార్కులు మాత్రం కోసేశారు. మంచి మార్కులే అనుకోండి, మొదటి స్థానం మాత్రం మోటారు సైకిలు పిల్లకి వెళ్ళింది.

మామయ్యా, మీకూ హాజీ గారికీ నేను ఏ రకంగా కృతజ్ఞత చెప్పుకోగలను? ఆయనకి చెప్పడానికే లేదు. అందుకే ఆ అరపేజీ ఖాళీగా వదిలాను. నాకు చేతనైంది అదే. సెలవలకి వస్తున్నాను. అమ్మకి చెప్పండి, డబ్బాలు ఆరూ తెస్తున్నాను.

మీ మార్ని

*

పాయకుంబు,
8 జూలై 1992

మార్నీ,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. మార్కుల దగ్గర మాత్రం నాకు దగ్గొచ్చింది, ఆ రెండు వరుసలు వినబడలేదు.

ఎన్ని పోయాయో నాకూ రాయకు. బస్సు దిగగానే గుడ్డ కింద చెప్పు. పల్చటిది కాదులే, మన పాత లుంగీయే తెస్తాను.

మామయ్య